టీచర్‌కి బడి సామాన్లతోనే కానుక: పెన్సిళ్ల స్టాండు, జతగా కుట్టిన చిట్టి పుస్తకం

టీచర్లకు చేత్తో చేసి ఇచ్చే కానుకలకు ఒక జబ్బుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాడబోతే పనికిరావు. వేడి జిగురుతో డబ్బాకి అతికేసిన పెన్సిలు ఇక పెన్సిలు కాదు, అలంకారం. పూసలు అంటించిన పెన్ను నాలుగు వాక్యాలు రాసేసరికి వేళ్లకు గుచ్చుకుంటుంది. ఇక్కడ చెప్పే స్టాండులో పెన్సిళ్లకు జిగురు తగలదు. ఎలాస్టిక్ పట్టు మీదే నిలబడతాయి కాబట్టి టీచర్‌కి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకటి పైకి లాగి చెక్కుకోవచ్చు. జతగా అరచేతిలో పట్టే పుస్తకం ఒకటి కుట్టి ఇస్తే కానుక నిండుగా ఉంటుంది.

డబ్బా కడిగి ఆరబెట్టడం ముందు రోజు పని. మర్నాడు స్టాండుకి గంటన్నర, పుస్తకానికి ముప్పావు గంట పట్టొచ్చు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు దాదాపు అంతా సొంతంగా చేసుకోగలరు. డబ్బా అంచు సరిచేయడం, కాగితాలకు రంధ్రాలు పొడవడం మాత్రం పెద్దవాళ్లు చేయాలి.

స్టాండుకి కావలసినవి

- రేకు డబ్బా ఒకటి: సుమారు 7.5 సెం.మీ. వెడల్పు, 11 సెం.మీ. ఎత్తు
- చెక్కని ఆరు పలకల పెన్సిళ్లు 32, అదనంగా రెండు. అన్నీ ఒకే కంపెనీవి కావాలి. వేర్వేరు కంపెనీలవి కలిపితే పొడవులో తేడా వచ్చి పై అంచు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది
- మందపాటి చార్ట్ పేపర్ ఒకటి
- కాగితపు మాస్కింగ్ టేపు
- బట్టలకు కుట్టే ఎలాస్టిక్: 1 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు
- పాత అట్టపెట్టె ముక్క
- గ్లూ స్టిక్, స్కేలు, కత్తెర, కంపాస్, సెట్‌స్క్వేర్, సూది, దారం

పుస్తకానికి

ఎ4 తెల్ల కాగితాలు 5, మిగిలిన చార్ట్ పేపర్, కాస్త మందంగా ఉండే దారం, తెల్ల క్రేయాన్ లేదా కొవ్వొత్తి ముక్క, పెన్సిలు చెరిపే రబ్బరు.

ముందు లెక్క: డబ్బా చుట్టూ ఎన్ని పెన్సిళ్లు పడతాయి

చాలామంది ఈ లెక్క దగ్గరే పొరబడి, చివరికి మూడు పెన్సిళ్ల ఖాళీ మిగిల్చుకుంటారు. మీ డబ్బా వేరే కొలతదైతే ఇది తప్పక చదవండి.

పది పెన్సిళ్లను బల్ల మీద ఒకదానికొకటి ఆనేలా పేర్చి, మొత్తం వెడల్పు కొలిచి పదితో భాగించండి. ఒక్క పెన్సిలునే కొలిస్తే అర మిల్లీమీటరు తప్పు వచ్చినా చుట్టూ తిరిగేసరికి అది 16 మి.మీ. అవుతుంది, అంటే రెండు పెన్సిళ్లంత. ఆరు పలకల పెన్సిళ్లు పది కలిపి సుమారు 8 సెం.మీ. వస్తాయి. “పెన్సిలు మందం 7 మి.మీ. కదా, 7 సెం.మీ. రావాలి” అనిపించవచ్చు. ఆ 7 మి.మీ. ఎదురెదురు పలకల మధ్య కొలత. ఎదురెదురు మూలల మధ్య కొలిస్తే 8 మి.మీ. ఉంటుంది. పలక డబ్బాకి ఆనినప్పుడు పక్కలకు తిరిగేవి మూలలే కాబట్టి మన లెక్కకు 8 మి.మీ. తీసుకోవాలి. గుండ్రటి పెన్సిళ్లకు ఈ గొడవ లేదు, ఎటు తిప్పినా ఒకటే. కాకపోతే అవి చుట్టేటప్పుడు దొర్లుతాయి, మొదటిసారి చేసేవాళ్లకు సతాయింపు.

ఇప్పుడు డబ్బా చుట్టూ దారం చుట్టి, దాన్ని స్కేలు మీద కొలవండి. 7.5 సెం.మీ. వెడల్పు డబ్బాకి 23.6 సెం.మీ. వస్తుంది. దీన్ని నేరుగా 0.8తో భాగిస్తే 29.5. అదే ఆ మూడు పెన్సిళ్లు తగ్గే లెక్క. పెన్సిళ్లు ఒకదానికొకటి తగిలేది డబ్బా రేకు మీద కాదు, దానికి అర పెన్సిలు మందం అవతల. ఆ వలయం వ్యాసం డబ్బా కన్నా 0.7 సెం.మీ. ఎక్కువ, చుట్టుకొలత 2.2 సెం.మీ. ఎక్కువ. అందుకని 23.6కి 2.2 కలిపితే 25.8. దాన్ని 0.8తో భాగిస్తే 32, ఓ పిసరు మిగులు. డబ్బా చిన్నదైనా పెద్దదైనా ఈ అదనపు పెన్సిళ్లు మూడుకు అటూఇటూగానే ఉంటాయి.

లెక్క 32కి కాకుండా 31.6 లాంటి అంకెకు వస్తే డబ్బాని లావు చేయాలి. 0.3 మి.మీ. మందమున్న చార్ట్ పేపర్ ఒక చుట్టు వేస్తే చుట్టుకొలత దాదాపు 2 మి.మీ. పెరుగుతుంది. రెండు చుట్లు వేస్తే 31.6 కాస్తా 32 దాటుతుంది. దారంతో కొలిచేది ఎప్పుడూ కాగితం చుట్టాకే.

12 రంగుల పెన్సిళ్ల పెట్టెలు మూడు తెస్తే 36 అవుతాయి. మిగిలిన నాలుగింటిని చెక్కి స్టాండు లోపల పెట్టి ఇవ్వండి.

డబ్బా సిద్ధం చేయడం

1. పైకాగితం ఊడేదాకా డబ్బాని వేడినీళ్లలో నానబెట్టండి. జిగురు మరకలు మిగిలితే కాస్త వంటనూనె రాసి పది నిమిషాలాగి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తాయి. తర్వాత సబ్బుతో తప్పనిసరిగా కడగాలి. నూనె జిడ్డు ఉన్న రేకు మీద ఏ టేపూ నిలవదు.

2. తలకిందులుగా పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. అడుగు అంచు మడతలో నీళ్లు దాక్కుంటాయి. అవి ఆరకముందే కాగితం చుట్టేస్తే కొన్నాళ్లకు తుప్పు మరక కాగితం మీదికి వస్తుంది.

3. పై అంచు లోపల రేకు ముళ్లలాంటివి ఉంటే పెద్దవాళ్లు కటింగ్ ప్లయర్‌తో నొక్కి మడవాలి. ఆ పైన మాస్కింగ్ టేపుని అంచు మీదుగా సగం లోపలికి, సగం బయటికి వచ్చేలా రెండు పొరలు అంటించండి. రోజూ చెయ్యి పెట్టే చోటు అది, ఇక్కడ బద్ధకించకూడదు.

4. చార్ట్ పేపర్ నుంచి 11 సెం.మీ. ఎత్తు, 25 సెం.మీ. పొడవు పట్టీ కత్తిరించి డబ్బాకి బిగుతుగా చుట్టి, చివర్లు ఒకదానిమీద ఒకటి వచ్చిన చోట గ్లూ స్టిక్ రాయండి. రేకుకి అంటించాల్సిన పని లేదు, కాగితం కాగితానికే పట్టుకుంటుంది. ఇదే పొడవుతో 10.5 సెం.మీ. ఎత్తు పట్టీ ఇంకొకటి చుట్టి లోపల దింపితే రేకు కనిపించదు.

పెన్నులు మునిగిపోకుండా

ఫోటోల్లో చూసి చేసేవాళ్లకు ఈ చిక్కు పూర్తయ్యాక గానీ తెలియదు. కొత్త పెన్సిలు పొడవు 17.5 నుంచి 19 సెం.మీ. మామూలు పెన్ను 14 నుంచి 15. పెన్సిళ్ల గోడ మధ్యలో వేసిన పెన్ను నూతిలో పడ్డట్టు పడుతుంది, వేళ్లు పెట్టి వెతుక్కోవాలి.

దీనికి అడుగు ఎత్తు చేయాలి. అట్టపెట్టె నుంచి 6 సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, చాపలా చుట్టచుట్టి, ఆ చుట్ట డబ్బా లోపల బిగుతుగా పట్టేంత లావయ్యాక టేపు వేసి దింపండి. అట్టలోని గొట్టాలు నిలువుగా ఉండేలా కోస్తే బరువుకి అణగదు, పైగా చుట్టడం కూడా తేలిక. పైన కంపాస్‌తో 3.5 సెం.మీ. వ్యాసార్థంతో గీసి కత్తిరించిన అట్ట బిళ్ల పరచండి. అది లేకపోతే పెన్ను మొనలు చుట్ట సందుల్లో ఇరుక్కుంటాయి. ఇప్పుడు 15 సెం.మీ. పెన్ను పైభాగం 21 సెం.మీ. ఎత్తుకు వస్తుంది. గోడ 17.5 ఉంటే చేతికి అందడానికి 3.5 సెం.మీ. బయట ఉన్నట్టే.

పెన్సిళ్లు నిలబెట్టడం

ఎలాస్టిక్‌ని 21 సెం.మీ. చొప్పున రెండు ముక్కలు చేసి, చివర్లు ఒక సెంటీమీటరు ఒకదానిమీద ఒకటి వేసి దారంతో గట్టిగా కుట్టండి. 20 సెం.మీ. వలయాలు రెండు తయారవుతాయి. ఈ కొలత డబ్బా చుట్టుకొలత 23.6 కన్నా కావాలనే తక్కువ. పెన్సిళ్ల మీదుగా వేసినప్పుడు 28 సెం.మీ. దాకా సాగి బిగుస్తాయి. రేపు టీచర్ సగం పెన్సిళ్లు తీసేసినా పట్టు వదలవు. మామూలు రబ్బరు బ్యాండ్లు ఎందుకు కాదంటే, అవి కొన్ని నెలలకే ఎండి పుటుక్కున తెగుతాయి. బల్ల నిండా 32 పెన్సిళ్లు దొర్లుతాయి.

1. మాస్కింగ్ టేపుని తిరగేసి, జిగురు వైపు బయటికి ఉండేలా డబ్బా చుట్టూ రెండు చోట్ల చుట్టండి: అడుగు నుంచి 3 సెం.మీ. ఎత్తున ఒకటి, 7 సెం.మీ. ఎత్తున ఇంకొకటి. చివర కదలకుండా చిన్న టేపు ముక్క వేయండి. ఎలాస్టిక్ తొడిగేదాకా పెన్సిళ్లు పడిపోకుండా పట్టుకోవడమే దీని పని. రెండు వైపులా అంటుకునే టేపు వాడితే పెన్సిలు బయటికి లాగేటప్పుడు మొరాయిస్తుంది, జిగురు కూడా అంటుకుంటుంది.

2. డబ్బా పై అంచు మీద సమదూరంలో నాలుగు గుర్తులు పెట్టండి. 6 సెం.మీ.కి ఓ చుక్క తక్కువ, అంటే 5.9 సెం.మీ.కి ఒకటి. ప్రతి గుర్తు దగ్గరా సెట్‌స్క్వేర్ నిలబెట్టి నిటారుగా ఒక గీత గీయండి.

3. ఆ నాలుగు గీతల మీద ముందు నాలుగు పెన్సిళ్లు నిలబెట్టండి. పలక డబ్బాకి ఆనాలి, అడుగు బల్లకి తగలాలి.

4. ఒక్కో ఖాళీలో ఏడేసి పెన్సిళ్లు నింపండి. నాలుగు ఏడులు 28, ముందువి నాలుగు, మొత్తం 32.

ఒకచోట మొదలుపెట్టి వరసగా చుట్టుకుంటూ పోతే ఏమవుతుందో తెలియాలంటే ఒకసారి అలా చేసి చూడొచ్చు. మొదటి పెన్సిలు వెంట్రుకవాసి వాలితే రెండోది దానికి ఆనుకుని ఇంకాస్త వాలుతుంది. ఇరవయ్యోది వచ్చేసరికి గోడ మొత్తం మెలితిరిగిన బుట్టలా ఉంటుంది. చివరి ఖాళీ కింద వెడల్పుగా, పైన ఇరుకుగా తేలి ఏ పెన్సిలూ పట్టదు. నాలుగు స్తంభాలు ముందే నిటారుగా పాతుకుంటే తప్పు ఆ ఏడింటితోనే ఆగిపోతుంది. ఏడోది దూరకపోతే ఆ ఖాళీలో ఏదో ఒకటి పలక మీద కాక మూల మీద నిలబడి ఉంటుంది, లేదా పక్కది వాలి ఉంటుంది. బలవంతంగా గుచ్చకుండా ఆ ఏడూ తీసి మళ్లీ పేర్చండి.

5. అన్నీ నిలబడ్డాక ఒక ఎలాస్టిక్‌ని రెండు చేతుల వేళ్లతో బాగా సాగదీసి, పైనుంచి జాగ్రత్తగా 3 సెం.మీ. ఎత్తుకు దించండి. రెండోది 7 సెం.మీ. దగ్గర. దించేటప్పుడు ఇంకొకరు పెన్సిళ్ల పై భాగాన్ని గుప్పిట్లో పట్టుకుంటే పని సులువు. తర్వాత డబ్బాని బల్లమీద మెల్లగా రెండుసార్లు తట్టండి. పైకి లేచినవి ఏవైనా ఉంటే కిందికి దిగి అడుగులు సమానమవుతాయి.

పెన్సిళ్లు చెక్కి మొనలు పైకి పెడితే అందంగా ఉంటుందని అనిపిస్తుంది. వద్దు. పెన్ను కోసం చూడకుండా చెయ్యి చాపే మనిషికి 32 మొనలు ఎదురుగా పెట్టడం కానుక కాదు. చెక్కని రంగు పెన్సిళ్లలో కోసిన చివర పైకి పెడితే లోపలి రంగు చుక్కలు వరసగా కనిపిస్తాయి, అదే చాలు.

పేరు పట్టీ

ఎలాస్టిక్‌లు కనిపించకుండా 6 సెం.మీ. వెడల్పు, 31 సెం.మీ. పొడవు చార్ట్ పట్టీ 2 నుంచి 8 సెం.మీ. ఎత్తు వరకు చుట్టాలి. కత్తిరించే ముందు దారంతో ఓసారి కొలిచి, ఆ కొలతకి 2 సెం.మీ. కలుపుకోండి. రాయాల్సిందంతా పట్టీ బల్లమీద పరిచి ఉన్నప్పుడే రాయండి. చుట్టాక రాస్తే పెన్సిళ్ల గాడుల మీద అక్షరాలు గతుకులు పడతాయి. స్కెచ్ పెన్ సిరా నీళ్లలో కరిగేది, చెమట చేతులకే అలుక్కుపోతుంది. పర్మనెంట్ మార్కర్ గానీ బాల్ పెన్ గానీ మేలు. జెల్ పెన్ వాడితే ఐదు నిమిషాలు ఆరనివ్వండి. పట్టీని పెన్సిళ్లకు అంటించకండి, చివరకు చివరే గ్లూ స్టిక్‌తో అతకండి. తెల్ల జిగురు రాస్తే నీళ్లు పీల్చుకుని కాగితం ముడతలు పడుతుంది.

చిట్టి పుస్తకం

ఎ4 కాగితాలు ఐదింటినీ పొడవు మధ్యలో అడ్డంగా సగానికి కోస్తే పది ఎ5 కాగితాలు వస్తాయి. వాటిని సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూరిస్తే ఎ6 పుస్తకం: 10.5 సెం.మీ. వెడల్పు, 14.8 సెం.మీ. ఎత్తు, 40 పేజీలు.

ఈ కొలతే ఎందుకంటే, కాగితానికి కూడా చెక్కకి ఉన్నట్టు పోగు ఉంటుంది. పోగు వెంట మడిస్తే మడత నునుపుగా కూర్చుంటుంది, అడ్డంగా మడిస్తే బిరుసుగా లేచి నిలుస్తుంది. మామూలు ఎ4 కాగితాల్లో పోగు ఎక్కువగా పొడవు వైపే సాగుతుంది. దాన్ని సగానికి కోసి మళ్లీ మడిచినప్పుడు మడత ఆ పోగు వెంటే వస్తుంది, పుస్తకం తెరిచిన చోట తెరిచినట్టు ఉంటుంది. అదే ఎ4ని ఒక్కసారే మడిచి పెద్ద పుస్తకం చేస్తే మడత పోగుకి అడ్డం పడి, మూసినా నోరు తెరుచుకునే ఉంటుంది. అట్ట కోసే ముందు చార్ట్ పేపర్‌ని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగుతుందో ఆ మడత పుస్తకం వెన్ను వెంట రావాలి.

కాగితాలు రెండేసి కలిపి మడిచి, మడత మీద స్కేలు అంచుతో గట్టిగా రుద్దండి. పదీ ఒకేసారి మడిస్తే లోపలివి సరిగ్గా మడత పడవు. అట్ట కొలత 21.8 × 15.2 సెం.మీ. కాగితాల కన్నా అన్ని వైపులా కాస్త పెద్దదిగా ఉంటే మూలలు నలగవు. ఒకదానిలో ఒకటి దూరినప్పుడు మధ్య కాగితాలు ఒక మిల్లీమీటరు ముందుకు పొడుచుకొస్తాయి. దాన్ని కత్తెరతో సరిచేయబోతే అంచు రంపంలా తయారవుతుంది, వదిలేయడమే నయం.

రంధ్రాలు మూడు: నడిమధ్య 7.4 సెం.మీ. దగ్గర ఒకటి, పై నుంచీ కింది నుంచీ 2.5 సెం.మీ. దూరంలో ఒక్కొక్కటి. అట్టతో సహా అన్నీ కలిపి, పుస్తకాన్ని మధ్యకి తెరిచి, మడత కింద రబ్బరు పెట్టి, కంపాస్ మొనని లోపలి నుంచి నిటారుగా దించండి. మొన రబ్బరులోకి దిగుతుంది, బల్లకి గాటు పడదు. మొన కొస మాత్రమే దించాలి, లోతుకు పోయేకొద్దీ రంధ్రం పెద్దదై దారం వదులవుతుంది.

దారం పొడవు పుస్తకం ఎత్తుకి రెండున్నర రెట్లు పైన, అంటే 40 సెం.మీ. తెల్ల క్రేయాన్ మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి చిక్కుపడదు, ముడి జారదు. కుట్టే క్రమం ఇది:

1. లోపలి నుంచి నడిమి రంధ్రంలోంచి బయటికి. లోపల 7 సెం.మీ. తోక వదలండి.
2. బయట పైకి వెళ్లి, పై రంధ్రంలోంచి లోపలికి.
3. లోపల నడిమి రంధ్రాన్ని దాటేసి, కింది రంధ్రంలోంచి బయటికి.
4. బయట పైకి వచ్చి, మళ్లీ నడిమి రంధ్రంలోంచి లోపలికి.

ఇప్పుడు లోపల రెండు కొసలు ఉంటాయి, మధ్యలో పొడవాటి కుట్టు ఒకటి. ఒక కొస దానికి ఇటు, ఒక కొస అటు ఉండేలా చూసి రెండు ముళ్లు వేయండి. రెండూ ఒకే పక్కన ఉంటే ఆ పొడవాటి కుట్టు ఎప్పటికీ వదులుగా వేలాడుతుంది. దారం బిగించేటప్పుడు వెన్ను వెంటే లాగండి. మీ వైపుకి లాగితే రంధ్రం చీలుతుంది. కొసలు ఒక సెంటీమీటరు ఉంచి కత్తిరించండి.

పేజీలన్నీ అందరి సంతకాలతో, బొమ్మలతో నింపేయాలని ఉబలాటం పుడుతుంది. కాగితం ముక్కలు అంటించి నింపితే వెన్ను మందం అంతే ఉండి అంచు మాత్రం లావై పుస్తకం విసనకర్రలా విచ్చుకుంటుంది. మొదటి పేజీ ఒక్కటి రాసి మిగతావి టీచర్‌కే వదిలేయండి. “మీరు గొప్ప టీచర్” అనే బదులు ఏదో ఒక రోజు, ఏదో ఒక లెక్క, మీకు అర్థమయ్యేలా ఆవిడ గానీ ఆయన గానీ చెప్పిన తీరు రాయండి. నాలుగైదు వాక్యాలు సరిపోతాయి. కుట్టాకే రాయండి. కుట్టకముందు రాస్తే కాగితాలు తారుమారై మొదటి పేజీ మధ్యలో తేలే ప్రమాదం ఉంది.

తీసుకెళ్లేటప్పుడు

స్టాండుని పెన్సిళ్ల కొనల దగ్గర పట్టి ఎత్తకండి, పేరు పట్టీ ఉన్న చోట పట్టుకోండి. సంచిలో పెట్టేటట్టయితే పెన్సిళ్ల పై భాగానికి ఒక కాగితం చుట్టి టేపు వేస్తే కుదుపులకు విచ్చుకోవు. పుస్తకాన్ని లోపల నిలబెట్టకుండా పక్కన విడిగా ఉంచండి, లేకపోతే వంపు తిరుగుతుంది. అదనంగా తెచ్చిన రెండు పెన్సిళ్లలో ఒకటి చెక్కి పుస్తకం అట్టకి తగిలించి ఇస్తే, స్టాండులోని పెన్సిళ్లూ ఊడొస్తాయని టీచర్‌కి నోటితో చెప్పే వీలు దొరుకుతుంది. చెప్పకపోతే అవి అతికించినవే అనుకుని ఎవరూ ముట్టుకోరు.